జైన మతం: విశ్వాసాలు, చరిత్ర

జైనం భారతదేశంలో పుట్టి, ఈనాటికీ ఇక్కడే తెంపు లేకుండా కొనసాగుతున్న ప్రాచీన శ్రమణ మతం. రాగద్వేషాలను జయించినవాడు జినుడు. ఆయన చూపిన దారిలో నడిచేవారు జైనులు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో జైనులు దాదాపు 44.5 లక్షల మంది. అంటే వెయ్యి మందిలో నలుగురైనా లేరు. ఇంత చిన్న సమాజం భారతీయ తర్కం, గణితం, వ్యాకరణం, శిల్పం అన్నింటిలోనూ ముందు వరుసలో నిలిచింది. ప్రాకృత సాహిత్యంలో పెద్ద భాగం వారిదే. కన్నడంలో తొలి మహాకావ్యాలు వారివే. గుజరాతీ భాషకు పునాది వేసిన రచనల్లో చాలా వరకు జైన మునుల చేతి నుంచి వచ్చినవే.

ఈ మతాన్ని చదివేవారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్నలు రెండు. సృష్టికర్త లేడని చెప్పే మతం ఇన్ని గుళ్లు ఎలా కట్టింది? రాజుల ఆదరణ పోయిన తర్వాత, దాదాపు అదే కాలంలో ఎదిగిన బౌద్ధం ఈ దేశంలో అడుగంటిపోతే, జైనం ఎలా నిలిచింది? మొదటిదానికి జవాబు దాని తత్త్వంలో ఉంది. రెండోదానికి జవాబు దాని సంఘ నిర్మాణంలో ఉంది. సాధువు, సాధ్వి, శ్రావకుడు, శ్రావిక అనే నాలుగు వర్గాలు కలిస్తేనే జైనులకు సంఘం. శ్రావకులు, శ్రావికలు అంటే ఇల్లూ వాకిలీ ఉన్న గృహస్థులు. వారికి కూడా వ్రతాలున్నాయి, మునులను ప్రశ్నించే చనువుంది, గుడినీ గ్రంథాన్నీ కాపాడే బాధ్యత ఉంది. ఈ గృహస్థులు ఉన్నచోట జైనం బతికింది. వారు చెదిరిపోయినచోట రాళ్లు మాత్రమే మిగిలాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల చరిత్ర ఈ రెండో మాటకు సాక్ష్యం.

తీర్థంకరులు, వర్ధమాన మహావీరుడు

జైనుల దృష్టిలో కాలానికి ఆది లేదు, అంతం లేదు. అది పన్నెండు ఆకుల చక్రం. ఆరు ఆకుల మేర లోకం మెరుగుపడుతూ పోతుంది, మిగిలిన ఆరింటిలో క్షీణిస్తూ వస్తుంది. మొదటిది ఉత్సర్పిణి, రెండోది అవసర్పిణి. ప్రతి అర్ధచక్రంలోనూ ఇరవై నలుగురు తీర్థంకరులు పుట్టి మరుగున పడిన ధర్మాన్ని మళ్లీ చెబుతారు. మనం ఉన్నది అవసర్పిణిలో. దీనిలో మొదటి తీర్థంకరుడు ఋషభనాథుడు, అంటే ఆదినాథుడు. సేద్యం, చేతివృత్తులు, పరిపాలన మనుషులకు నేర్పింది ఆయనే అంటుంది జైన పురాణం. ఆయన కూతురు బ్రాహ్మి పేరు మీదనే బ్రాహ్మీ లిపి వచ్చిందని కూడా జైనుల నమ్మకం. ఆయన కొడుకులు భరతుడు, బాహుబలి. రాజ్యం కోసం అన్నదమ్ములు తలపడటం, గెలిచిన బాహుబలి ఆ గెలుపు మీద విరక్తితో అడవికి వెళ్లడం జైన సాహిత్యం మళ్లీ మళ్లీ చెప్పుకున్న కథ.

ఇరవై రెండో తీర్థంకరుడు నేమినాథుడిని శ్రీకృష్ణుడికి దగ్గరి బంధువుగా చెబుతారు. ఆయన నిర్వాణ స్థలం గుజరాత్‌లోని గిర్నార్. ఇరవై మూడో తీర్థంకరుడు పార్శ్వనాథుడి దగ్గరికి వచ్చేసరికి చరిత్రకారులకు కాలు మోపే చోటు దొరుకుతుంది. కాశీలో పుట్టిన పార్శ్వుడు మహావీరుడి కంటే 250 ఏళ్లు ముందువాడని సంప్రదాయం. మహావీరుడి తల్లిదండ్రులు పార్శ్వుడి అనుయాయులని ఆచారాంగ సూత్రం చెబుతుంది. కాబట్టి మహావీరుడు కొత్త మతం స్థాపించలేదు. ఉన్న మార్గాన్ని సంస్కరించి, బిగించాడు. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే ‘జైనమత స్థాపకుడు మహావీరుడు’ అన్న వాక్యాన్ని సరిదిద్దుకోవాలి.

వర్ధమానుడు నేటి బిహార్‌లోని వైశాలి దగ్గర కుండగ్రామంలో, జ్ఞాతృక క్షత్రియ వంశంలో పుట్టాడు. తండ్రి సిద్ధార్థుడు, తల్లి త్రిశల. సంప్రదాయం ఆయన జీవితకాలాన్ని క్రీ.పూ. 599 నుంచి 527 వరకు లెక్కిస్తుంది. బుద్ధుడి కాలాన్ని బట్టి చూసే చరిత్రకారుల్లో చాలామంది దాన్ని కొన్ని దశాబ్దాలు ఇవతలికి జరుపుతారు. ముప్ఫయ్యో ఏట ఇల్లు విడిచి, పన్నెండేళ్లకు పైగా తపస్సు చేసి, ఋజుపాలిక నది ఒడ్డున సాలవృక్షం కింద కేవలజ్ఞానం, అంటే సంపూర్ణ జ్ఞానం, పొందాడు. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్లు మగధ, అంగ, విదేహ ప్రాంతాల్లో తిరుగుతూ జనం మాట్లాడుకునే ప్రాకృతంలోనే బోధించాడు. డెబ్బయి రెండో ఏట పావాపురిలో నిర్వాణం పొందాడు. ఆ రాత్రి ఆశ్వయుజ అమావాస్య. మనం దీపావళి జరుపుకునే రోజే జైనులకు మహావీర నిర్వాణ దినం. వీరనిర్వాణ శకం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

బౌద్ధ పాళీ గ్రంథాలు ఈయనను ‘నిగంఠ నాతపుత్త’ అనే పేరుతో ప్రస్తావిస్తాయి. ప్రత్యర్థుల గ్రంథాల్లో దొరికిన ఈ సాక్ష్యం వల్లనే, జైనం బౌద్ధానికి కొమ్మ కాదని జర్మన్ పండితుడు హెర్మన్ యాకోబీ 1879లో కల్పసూత్ర పీఠికలో నిరూపించగలిగాడు. అంతకు ముందు యూరోపియన్ పండితులు రెండింటినీ కలగాపులగం చేసేవారు.

జీవుడు, కర్మ, మోక్షం

జైన తత్త్వం లోకాన్ని రెండుగా విడదీస్తుంది: చైతన్యం ఉన్న జీవం, చైతన్యం లేని అజీవం. అజీవంలో అయిదు ద్రవ్యాలున్నాయి: పరమాణువులతో కూడిన పుద్గలం, కదలికకు తోడ్పడే ధర్మం, నిలకడకు తోడ్పడే అధర్మం, ఆకాశం, కాలం. ధర్మం, అధర్మం అన్న మాటలకు ఇక్కడ పుణ్యపాపాలతో సంబంధం లేదు. ఇవి భౌతిక తత్త్వాలు. జీవులు అనంతం. మనిషి, ఏనుగు, చీమ, చెట్టు మాత్రమే కాదు, మట్టి, నీరు, నిప్పు, గాలి కూడా ఏకేంద్రియ జీవుల శరీరాలే. స్పర్శ ఒక్కటే ఉన్న జీవుల నుంచి అయిదు ఇంద్రియాలున్న జీవుల దాకా వాటిని మెట్లుమెట్లుగా వర్గీకరించారు.

కర్మ విషయంలో జైనులది ఎవరితోనూ కలవని దారి. నైయాయికుడు అదృష్టమనీ, మీమాంసకుడు అపూర్వమనీ చెప్పే కనిపించని శక్తి కాదు జైనుల కర్మ. అది ద్రవ్యం. కంటికి ఆనని అతిసూక్ష్మ పుద్గలం. మనసు, మాట, శరీరం కదిలినప్పుడల్లా అది జీవుడి వైపు ప్రవహిస్తుంది. నూనె రాసుకున్న ఒంటికి దుమ్ము అంటినట్టు, కోపం, గర్వం, మాయ, లోభం అనే నాలుగు కషాయాలు ఉన్న జీవుడికి ఆ కర్మ అంటుకుపోతుంది. ప్రవహించడం ఆస్రవం, అంటుకోవడం బంధం, కొత్తది రాకుండా ఆపడం సంవరం, పాతదాన్ని తపస్సుతో రాల్చడం నిర్జర, పూర్తిగా రాలిపోతే మోక్షం. కర్మలు ఎనిమిది రకాలు. జ్ఞానావరణీయం తెలివిని కప్పుతుంది, మోహనీయం మనిషిని భ్రమలో పడేస్తుంది, ఆయుఃకర్మ ఆయువును నిర్ణయిస్తుంది. ఏ కర్మ ఎంతకాలం ఉంటుంది, ఎంత తీవ్రంగా ఫలిస్తుంది అన్న విచారం మీద మునులు సంపుటాలకు సంపుటాలు రాశారు. మనసు పనితీరు మీద ప్రాచీన ప్రపంచంలో ఇంత ఓపికగా సాగిన పరిశోధన అరుదు.

ఈ లెక్కలో దేవుడికి పని లేదు. కర్మ తన స్వభావం చేతనే ఫలిస్తుంది కాబట్టి ఫలం ఇచ్చేవాడు అక్కరలేదు. లోకం అనాది కాబట్టి పుట్టించేవాడూ అక్కరలేదు. తొమ్మిదో శతాబ్దంలో జినసేనాచార్యుడు ఆదిపురాణంలో సృష్టికర్త అన్న భావనను వరుస ప్రశ్నలతో ఖండించాడు. మరి తీర్థంకరుడి విగ్రహం ముందు అక్షతలు, పండ్లు ఎందుకు పెడతారు? ఆయన వరమివ్వడు, శాపమూ ఇవ్వడు, మొర వినడు. లోకాగ్రాన సిద్ధశిల మీద, అనంత జ్ఞానంతో, మన సుఖదుఃఖాలతో నిమిత్తం లేకుండా ఉంటాడు. ఆయనను తలచుకోవడం ఆయన గుణాలను మనలో మేల్కొల్పుకోవడానికే. జైన గుడిలో పూజకు ఫలితం పూజించేవాడి మనసులోనే ఉంది. అయితే కష్టంలో ఉన్న మనిషికి చెవి ఒగ్గేవారు కావాలి; అందుకే పద్మావతి, చక్రేశ్వరి, అంబిక, జ్వాలామాలిని వంటి యక్షిణులు గుళ్లలోకి వచ్చారు. సంతానం, ఆరోగ్యం, వ్యాపారం గురించిన మొక్కులు వీరి దగ్గరే. జైనం గృహస్థులను వదులుకోకుండా నిలబెట్టుకున్న తీరుకు ఇదొక ఉదాహరణ.

వ్రతాలు, అహింస, నిత్యజీవితం

సమ్యగ్దర్శనం, సమ్యగ్జ్ఞానం, సమ్యక్‌చారిత్రం అనే మూడూ రత్నత్రయం. వీటిలో ఏ ఒక్కటీ విడిగా మోక్షానికి చేర్చదు. ఆచరణకు అయిదు వ్రతాలు: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. పార్శ్వనాథుడి కాలంలో నాలుగే ఉండేవి. బ్రహ్మచర్యాన్ని విడిగా చెప్పింది మహావీరుడు. మునులకు ఇవి మహావ్రతాలు, సడలింపు లేదు. గృహస్థులకు అణువ్రతాలు, శక్తి మేరకు పాటించేవి.

మహావ్రతం తీసుకున్న ముని జీవితం చూసినవారికి మరపురాదు. వాహనమెక్కడు. వర్షాకాలం నాలుగు నెలలు తప్ప ఒకచోట స్థిరంగా ఉండడు. తలవెంట్రుకలు చేత్తో పీక్కోవడమే క్షౌరం. దాన్ని కేశలోచం అంటారు. తెల్లబట్టలు కట్టే శ్వేతాంబర శాఖ ముని చేతిలో నేల మీది పురుగులను మెల్లగా తప్పించడానికి ఉన్ని కుచ్చు ఉంటుంది. నగ్నంగా ఉండే దిగంబర శాఖ మునికి నెమలి ఈకల పింఛం, కమండలం తప్ప వేరే వస్తువే లేదు. దిగంబర ముని రోజుకు ఒక్కసారి, నిలబడి, దోసిలిలో పెట్టింది మాత్రమే తింటాడు.

గృహస్థుల ఇళ్లలో ఈ అహింస వంటింటి నుంచి మొదలవుతుంది. మాంసం, గుడ్డు, తేనె లేవు. పట్టింపు ఉన్నవారు ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, క్యారెట్ వంటి దుంపలు ముట్టరు. దుంపను తవ్వితే మొక్క మొత్తం చస్తుంది, పైగా ఒక్క దుంపలో లెక్కలేనన్ని జీవులు ఉమ్మడిగా ఉంటాయని శాస్త్రం. పొద్దు గూకకముందే భోజనం ముగిస్తారు. నీళ్లు వడకట్టి, కాచి తాగుతారు. ముసలివైన, గాయపడిన పశుపక్ష్యాదుల కోసం పింజ్రాపోల్‌లు నడుపుతారు. దుక్కి దున్నితే మట్టిలోని జీవులు చస్తాయన్న భయం జైనులను సేద్యం నుంచి వ్యాపారం వైపు నడిపించిందని సాధారణంగా చెబుతారు. ఇందులో సగమే నిజం. బెళగావి, కొల్హాపూర్, సాంగ్లీ ప్రాంతాల్లో జైన రైతులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తమిళనాడులోని వందవాసి చుట్టుపక్కల నయినార్లు తరతరాలుగా సేద్యగాళ్లు. జైనులంటే షావుకార్లు అనుకోవడం ఒక ప్రాంతపు పరిచయాన్ని బట్టి ఏర్పడిన అభిప్రాయం.

పండుగల్లో తలమానికం పర్యూషణం. శ్వేతాంబరులకు ఎనిమిది రోజులు. దిగంబరులు దశలక్షణ పర్వం పేరుతో పది రోజులు జరుపుతారు. భాద్రపదంలో వచ్చే ఈ రోజుల్లో ఉపవాసాలు, గ్రంథపఠనం సాగుతాయి. చివరన ప్రతివారూ తెలిసీ తెలియక చేసిన తప్పులకు ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు: ‘మిచ్ఛామి దుక్కడం’. యజమాని పనివాడినీ, అత్త కోడలినీ క్షమించమని అడగాల్సిన రోజు అది. పొరపాటు చేసినవాడిని పైవాడెవడూ క్షమించలేడని చెప్పే మతం, మనుషుల మధ్య క్షమాపణకు ఇంత పెద్ద చోటివ్వడం సహజమే.

తపస్సుకు శిఖరం సల్లేఖన. శ్వేతాంబరుల మాటలో సంథారా. దేహం ఇక ధర్మాచరణకు పనికిరాదని తేలాక, గురువు అనుమతితో, క్రమంగా ఆహారం తగ్గించుకుంటూ ప్రశాంతంగా ప్రాణం విడవడం. ఇది ఆత్మహత్య కిందికి వస్తుందని రాజస్థాన్ హైకోర్టు 2015 ఆగస్టులో తీర్పు చెప్పింది. అదే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. ఆత్మహత్యకు ఆవేశం, నిస్పృహ మూలమనీ, సల్లేఖనకు రాగద్వేషాలు లేకపోవడమే షరతు అనీ జైనుల సమాధానం.

అనేకాంతవాదం

వస్తువుకు ధర్మాలు అనేకం. ఒక మాట వాటిలో ఒకదాన్నే పట్టుకోగలదు. కాబట్టి ప్రతి వాక్యమూ ఒకానొక దృష్టి నుంచి మాత్రమే సత్యం. ఇది అనేకాంతవాదం. దీన్ని మాటలో పెట్టే పద్ధతి స్యాద్వాదం: ఒక దృష్టిలో ఉంది, ఒక దృష్టిలో లేదు, ఒక దృష్టిలో చెప్పనలవి కాదు అంటూ ఏడు భంగులుగా సాగుతుంది. ఆత్మ నిత్యమని వేదాంతులు, అంతా క్షణికమని బౌద్ధులు వాదిస్తుంటే, ద్రవ్యంగా నిత్యం, పర్యాయంగా, అంటే మారే రూపంగా, అనిత్యం అని జైనులు అన్నారు. సమంతభద్రుడు, సిద్ధసేన దివాకరుడు, అకలంకుడు, హరిభద్రుడు ఈ తర్కాన్ని పదునుపెట్టారు.

ఇటీవలి కాలంలో అనేకాంతాన్ని ‘అన్ని మతాలూ సమానమే’ అన్న అర్థంలో వాడటం పెరిగింది. ప్రాచీన ఆచార్యులు అలా అనలేదు. వారు ఎదుటివారి సిద్ధాంతాలను గట్టిగానే ఖండించారు. సంపూర్ణ సత్యం కేవలజ్ఞానికి తెలుసనీ నమ్మారు. వారి పట్టు వేరే చోట ఉంది: పాక్షిక సత్యాన్ని పూర్తి సత్యమని పట్టుబట్టడమే దోషం. హరిభద్రుడు షడ్దర్శన సముచ్చయంలో పరమతాలను వక్రీకరించకుండా, వారి మాటల్లోనే వివరించగలగడం ఆ పట్టుకు మంచి నిదర్శనం.

సంఘంలో చీలిక, గ్రంథాలు

మౌర్య చంద్రగుప్తుడి కాలంలో మగధను పన్నెండేళ్ల కరువు పట్టిందనీ, భద్రబాహు స్వామి మునులను వెంటబెట్టుకుని దక్షిణాదికి వచ్చాడనీ, చంద్రగుప్తుడు కూడా రాజ్యం విడిచి ఆయనతో శ్రవణబెళగొళకు వచ్చి సల్లేఖన చేశాడనీ దిగంబర సంప్రదాయం. అక్కడి చిన్నకొండకు చంద్రగిరి అని పేరు. మగధలోనే ఉండిపోయిన మునులు స్థూలభద్రుడి నాయకత్వంలో పాటలీపుత్రంలో సమావేశమై పవిత్ర గ్రంథాలైన ఆగమాలను కూర్చారు. వారు తెల్లబట్టలు కట్టడాన్ని, ఆ ఆగమాలను దక్షిణాది మునులు ఒప్పుకోలేదని కథనం. చీలిక ఒక్క రోజులో జరగలేదు. శతాబ్దాల మీద మెల్లగా గట్టిపడింది.

భేదాలు ఇవి. అపరిగ్రహం అంటే బట్ట కూడా వదలడమేనని దిగంబరులు, మనసులో మమకారం వదలడమని శ్వేతాంబరులు. స్త్రీ ఆ జన్మలోనే మోక్షం పొందలేదని దిగంబరులు. పొందగలదని, పందొమ్మిదో తీర్థంకరురాలు మల్లి స్త్రీయేనని శ్వేతాంబరులు. ఈ రెండింటి మధ్య యాపనీయులనే మూడో శాఖ ఉండేది. వారి మునులు నగ్నంగా ఉంటూనే స్త్రీ మోక్షాన్ని అంగీకరించారు. కర్ణాటకలో, తీరాంధ్రలో వర్ధిల్లిన ఈ శాఖ తర్వాత దిగంబరుల్లో కలిసిపోయింది.

శ్వేతాంబర ఆగమాలు అయిదో శతాబ్దంలో గుజరాత్‌లోని వలభిలో, దేవర్ధిగణి ఆధ్వర్యంలో గ్రంథరూపం పొందాయి. దిగంబరులకు పుష్పదంత, భూతబలి ఆచార్యుల షట్ఖండాగమం, గుణధరుడి కసాయపాహుడం ప్రమాణాలు. కుందకుందుడి సమయసారం, ప్రవచనసారం వారికి ప్రాణప్రదం. ఉమాస్వాతి సంస్కృతంలో రచించిన తత్త్వార్థసూత్రాన్ని మాత్రం ఇరుపక్షాలూ ఆమోదిస్తాయి.

గ్రంథాలను కాపాడటంలో జైనుల శ్రద్ధ ప్రత్యేకంగా చెప్పదగింది. పాటణ్, జైసల్మేర్, ఖంభాత్, మూడబిద్రిలోని భండారాల్లో వేల తాళపత్రాలు నిలిచాయి. అవి జైన గ్రంథాలు మాత్రమే కాదు. బౌద్ధ పండితుడు శాంతరక్షితుడి తత్త్వసంగ్రహం సంస్కృత మూలం మనకు దక్కింది జైన భండారాల వల్లనే.

రాజాశ్రయం నుంచి నేటి దాకా

కళింగ రాజు ఖారవేలుడు భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి, ఖండగిరి కొండల్లో మునులకు గుహలు తొలిపించాడు. నందరాజు ఎత్తుకుపోయిన జిన విగ్రహాన్ని మగధ నుంచి తిరిగి తెచ్చానని హాథీగుంఫా శాసనంలో చెప్పుకున్నాడు. మథుర కంకాలీ దిబ్బలో దొరికిన శిలాఫలకాలు, విగ్రహాల మీద పేర్కొన్న దాతల్లో లోహకారులు, వర్తకులు, గృహిణులు, ఒక గణిక కూడా ఉన్నారు. ఖర్చు పెట్టింది రాజులు మాత్రమే కాదని ఈ రాతలు తేటగా చెబుతాయి.

దక్షిణాదిలో గంగులు, రాష్ట్రకూటులు జైనానికి పెద్ద అండ. అమోఘవర్ష నృపతుంగుడి కాలంలోనే జినసేనుడు ఆదిపురాణం, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రచించారు. గంగుల మంత్రి చావుండరాయడు పదో శతాబ్దం చివర శ్రవణబెళగొళలో నిలిపిన గోమటేశ్వరుడు, అంటే బాహుబలి, 57 అడుగుల ఏకశిలా విగ్రహం. తపస్సులో నిలిచిన బాహుబలి కాళ్లకు, చేతులకు తీగలు అల్లుకుని ఉంటాయి. పన్నెండేళ్లకోసారి జరిగే మహామస్తకాభిషేకం 2018లో జరిగింది. కన్నడంలో పంప, పొన్న, రన్నలు ముగ్గురూ జైన కవులే.

గుజరాత్‌లో హేమచంద్రాచార్యుడు (1089–1172) సిద్ధరాజ జయసింహుడికి వ్యాకరణం రాసిచ్చాడు. కుమారపాలుడిని జైనం వైపు మళ్లించి జంతువధను నిషేధింపజేశాడు. ఆబూ కొండ మీద 1031లో విమలశా, 1230లో వస్తుపాల తేజపాల సోదరులు కట్టించిన పాలరాతి ఆలయాలు అక్కడి మంత్రుల, వర్తకుల సొమ్ముతో లేచినవి. సుల్తానుల కాలంలో కొన్ని గుళ్లు కూలినా, అదే వర్తకులు మళ్లీ నిలబెట్టారు. హీరవిజయ సూరి 1583లో ఫతేపూర్ సిక్రీ చేరి అక్బరును మెప్పించి, పర్యూషణ రోజుల్లో జంతువధ ఆపించాడు.

సంఘంలోపల సంస్కరణ కూడా గృహస్థుల నుంచే వచ్చింది. పదిహేనో శతాబ్దంలో అహ్మదాబాద్‌లో గ్రంథాలకు ప్రతులు రాసే లోంకా శాహ్, ఆగమాల్లో విగ్రహపూజ కనిపించలేదని ప్రశ్నించాడు. ఆ ఆలోచన నుంచే స్థానకవాసులు, 1760లో ఆచార్య భిక్షు ప్రారంభించిన తేరాపంథం ఎదిగాయి. ఆ పంథానికే చెందిన ఆచార్య తులసి 1949లో అణువ్రత ఉద్యమం మొదలుపెట్టారు. 1893 షికాగో సర్వమత మహాసభలో జైనం తరఫున మాట్లాడింది వీర్‌చంద్ గాంధీ. శ్రీమద్ రాజచంద్ర (1867–1901) మహాత్మా గాంధీ ఆలోచన మీద చూపిన ప్రభావం గాంధీయే ఆత్మకథలో చెప్పుకున్నారు. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జైనులకు జాతీయ మైనారిటీ హోదా ఇచ్చింది.

తెలుగు నేల మీద జైనం

తెలుగువారికి జైనం బయటి మతం కాదు. అమరావతికి దగ్గరలోని వడ్డమాను కొండ మీద తవ్వకాల్లో ప్రాచీన జైన కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. అనంతపురం జిల్లా కొనకొండ్లను కుందకుందాచార్యుడి ఊరుగా చెబుతారు. ఏడో శతాబ్దంలో తూర్పు చాళుక్య కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబి వసతి అనే జినాలయానికి ముసినికొండ గ్రామాన్ని ఇచ్చింది. పదో శతాబ్దంలో రెండో అమ్మరాజు, చామెకాంబ అనే గణిక కోరిక మీద సర్వలోకాశ్రయ జినాలయానికి కలుచుంబర్రు గ్రామం దానం చేశాడు. యాపనీయ సంఘానికి చెందిన కటకాభరణ జినాలయానికి మలియపూండి ఇచ్చాడు. విజయనగరం జిల్లా రామతీర్థంలోని గుహ శాసనం చాళుక్య విమలాదిత్యుడి గురువుగా త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన మునిని పేర్కొంటుంది. ఆ విమలాదిత్యుడి కొడుకే నన్నయ చేత మహాభారతం రాయించిన రాజరాజ నరేంద్రుడు. ఒక్క తరంలో గాలి ఎటు మళ్లిందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

కడప జిల్లా పెన్న ఒడ్డున దానవులపాడులో ఇసుకలో పూడుకుపోయిన జినాలయం బయటపడింది. అక్కడ రాష్ట్రకూట మూడో ఇంద్రుడు శాంతినాథుడి అభిషేకానికి చేయించిన పీఠం, సల్లేఖనతో కన్నుమూసినవారి స్మారక శిలలు ఉన్నాయి.

తెలంగాణలో వేములవాడ చాళుక్యులది ప్రత్యేకమైన స్థానం. రెండో అరికేసరి ఆస్థానంలో పంప మహాకవి ఉన్నాడు. సోమదేవ సూరి 959లో యశస్తిలక చంపువును ముగించింది ఈ రాజుల నీడలోనే. వేములవాడలో ఆయన కోసం శుభధామ జినాలయం కట్టించారు. పంపుడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జిన బింబాలను, చక్రేశ్వరిని చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. అందులోని తెలుగు కంద పద్యాలు నన్నయకు దాదాపు వందేళ్ల ముందువి. కంద పద్యం నడక అప్పటికే కుదురుకుందని అవి నిరూపిస్తున్నాయి. నన్నయకు ముందు జైనుల తెలుగు సాహిత్యం చాలా ఉండేదనీ, దాన్ని తగలబెట్టారనీ కొందరు రాశారు. దానికి రుజువు చూపలేదు. జినవల్లభుడి పద్యాలు ఒక అలవాటైన చేతిని చూపుతున్నాయని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేయడం, శాస్త్రగ్రంథాల తెలుగు అనువాదాలకు నాంది.

హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద 1117లో కాకతీయ మంత్రి బేతన భార్య మైలమ బసదికి, అంటే జైన ఆలయానికి, దానమిచ్చింది. అదే శతాబ్దంలో వీరశైవం ఉప్పెనలా వచ్చింది. పాల్కురికి సోమనాథుడి కావ్యాల్లో జైనులతో వాదాలు, వారి ఓటమి, వారి మీద దాడులు గర్వంగానే వర్ణించబడ్డాయి. కావ్యంలో అతిశయం ఉంటుందని కొంత తీసివేసినా, ఘర్షణ జరిగిందన్నది కాదనలేం. శ్వేతాంబరుల తలలు నరికానని చెప్పుకున్న ఒక నాయకుడి శాసనం 1512 నాటిది శ్రీశైలంలో ఉంది. అయినా హింస ఒక్కటే కారణమంటే చాలదు. 1319లో, ప్రతాపరుద్రుడి కాలంలో, ఓరుగల్లులోనే అప్పయార్యుడు జినేంద్రకల్యాణాభ్యుదయం రాయగలిగాడు. తెలుగు నేలలో జైనానికి దెబ్బ తగిలింది గృహస్థుల దగ్గర. పక్కన కర్ణాటకలో రైతులు, వర్తకులు శ్రావకులుగా నిలిచారు. ఇక్కడ ఆ కుటుంబాలు శైవంలోకి, వైష్ణవంలోకి వెళ్లిపోయాయి. దానం ఇచ్చే చేతులు లేక బసదులు పాడుబడ్డాయి, కొన్ని ఇతర దేవతల గుళ్లయ్యాయి.

చెక్కుచెదరక నిలిచినది యాదాద్రి భువనగిరి జిల్లా కొలనుపాక. ఇక్కడి ఆదినాథుడిని మాణిక్యస్వామి అంటారు. పద్నాలుగో శతాబ్దంలో జినప్రభ సూరి తన తీర్థయాత్రా గ్రంథంలో ఈ క్షేత్రాన్ని వర్ణించాడు. ఈనాడు దేశం నలుమూలల నుంచి శ్వేతాంబర యాత్రికులు వస్తున్నారు. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు వంటి నగరాల్లో ఉన్న జైనుల్లో ఎక్కువమంది రాజస్థాన్, గుజరాత్‌ల నుంచి వ్యాపారం కోసం వచ్చి స్థిరపడినవారి సంతతి. జినవల్లభుడి వంశం, మైలమ వంశం ఏమయ్యాయో చెప్పే ఆధారం లేదు.

మిగిలిన ఆధారాల్లో చాలావరకు కొండల మీద, చెరువుగట్ల మీద, పొలాల్లో ఉన్నాయి. కరీంనగర్ ప్రాంతంలో గ్రానైట్ కోసం గుట్టలకు గుట్టలే కరిగిపోతున్నాయి. గుట్టను తవ్వకానికి ఇచ్చే ముందు దాని మీద రాత ఉందో లేదో చూడటం, ఉంటే నకలు తీసి కాపాడటం ప్రభుత్వాల కనీస బాధ్యత. ఊరి పొలంలో బట్ట లేని రాతి బొమ్మ కనిపిస్తే, దాన్ని కదిలించకుండా పురావస్తు శాఖకు కబురు చేయమని ఈ వ్యాసం చదివేవారికి విన్నపం.